పాత ఎయిర్ పిస్టల్: స్ప్రింగ్ మార్చే ముందు గాలి ఎక్కడ పోతోందో చూడండి

మీరు చెప్పినది క్లుప్తంగా ఇదీ: పెదనాన్నగారి అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న 4.5 మి.మీ. స్ప్రింగ్ ఎయిర్ పిస్టల్ మీ చేతికొచ్చింది, బ్యారెల్ మడిచి ఎక్కుపెట్టే రకం. పెల్లెట్ (అందులో వేసే సీసపు గుండు) 5 మీటర్ల దూరంలో అట్టపెట్టెలోకి కూడా దిగడం లేదు. పైన తుప్పు, గ్రిప్‌కి పగులు. గట్టి స్ప్రింగ్ వేసి, ట్రిగర్ తేలిక చేసి, పాలిష్ పెట్టాలనుకుంటున్నారు. తుప్పు, గ్రిప్ సంగతిలో మీతో ఏకీభవిస్తాను. గట్టి స్ప్రింగ్, తేలిక ట్రిగర్ అనే కోరికలు మాత్రం ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. ఎందుకో స్ప్రింగ్ దగ్గరికి వచ్చాక చెబుతాను.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక పని చేయండి. బ్యారెల్ మడిచి, వెలుతురుకేసి పట్టుకుని లోపలికి చూడండి. పాత పిస్టళ్లలో పెల్లెట్ మధ్యలో ఇరుక్కుని ఉండటం చాలా మామూలు. వెలుతురు కనబడకపోతే దాని వెనక ఇంకోటి పెట్టి కాల్చకండి. బ్యారెల్‌లో వదులుగా దూరే ఇత్తడి కడ్డీతో మెల్లగా తోసేయండి. బ్యారెల్ మడుస్తుంటే స్ప్రింగ్ బరువు ఏమాత్రం తగలకుండా వాలిపోతోందా? అయితే స్ప్రింగ్ విరిగి ఉండాలి, లేదా ఎవరో ఎక్కుపెట్టి అలాగే వదిలేసి ఉండాలి. రెండోదే నిజమనుకుని మసలుకోండి. పెల్లెట్ పెట్టి, మూసి, వెనక గట్టి అడ్డు ఉన్న చోటికి గురిపెట్టి ట్రిగర్ నొక్కాకే మిగతా పని.

ఇక రోగనిర్ధారణ. ట్రిగర్ నొక్కితే స్ప్రింగ్ సిలిండర్‌లోని పిస్టన్‌ని ముందుకి తోస్తుంది, పిస్టన్ నలిపిన గాలి పెల్లెట్‌ని బయటికి తంతుంది. గాలి తప్పించుకునే దారులు ఇందులో ప్రధానంగా మూడు: బ్యారెల్ వెనక అంచు సిలిండర్‌కి ఆనే చోట ఉండే చిన్న సీల్, సిలిండర్ లోపల పిస్టన్ తలకి ఉండే సీల్, ఇవి రెండూ బాగానే ఉన్నా బ్యారెల్‌కి వదులైన పెల్లెట్. మొదటిది తేల్చడానికి పైసా ఖర్చు లేదు. పల్చటి టిష్యూ కాగితం సన్నటి ముక్క చింపి, బ్యారెల్, సిలిండర్ కలిసే అతుకు మీద వేసి, పెల్లెట్ పెట్టి కాల్చండి. కాగితం ఎగిరిందంటే గాలి అక్కడే పోతోంది. కదలకపోతే చెవి పెట్టి వినండి. ఆరోగ్యంగా ఉన్న పిస్టల్ ‘తప్’మని మెత్తగా మోగుతుంది. పిస్టన్ ముందు గాలి దిండులా నిలబడి దాని దెబ్బని ఆపుతుంది కాబట్టి ఆ శబ్దం. పిస్టన్ సీల్ పోయినప్పుడు ఆ దిండు ఉండదు, ఇనుము ఇనుముని కొట్టుకున్నట్టు ‘టంగ్’మంటుంది. మూడోదానికి, పెల్లెట్‌ని బ్యారెల్ వెనక నుంచి వేలితో నెట్టి చూడండి. కాస్త పట్టుగా దిగాలి. జారి లోపలికి పడిపోతే వేరే రకం ప్రయత్నించండి. 4.5 అని రాసి ఉన్న డబ్బాల్లోనే తల కొలత 4.48 నుంచి 4.53 వరకు తేడాలతో దొరుకుతాయి.

మొదటి సీల్ మార్చడం పావుగంట పని. పాతదాన్ని పిన్నీసు మొనతో లేపి తీయండి. గాడిని శుభ్రం చేసి అదే కొలత ఓ-రింగ్ కానీ తోలు చక్రం కానీ కూర్చోబెట్టండి. గాడి నుంచి అది వెంట్రుకవాసి పైకి ఉండాలి, మూసినప్పుడు నలిగి పట్టుకోవాలి. లోతుగా కూర్చుంటే కింద పల్చటి అట్టముక్క గుండ్రంగా కత్తిరించి వేసినా చాలు. నా దగ్గరికి ‘స్ప్రింగ్ చచ్చిపోయింది’ అంటూ వచ్చిన పిస్టళ్లలో చాలావాటి జబ్బు ఈ చిన్న రింగే.

పిస్టన్ సీల్ కూడా వెంటనే మార్చాల్సిన అవసరం లేకపోవచ్చు. పాత పిస్టళ్లలో అది సైకిల్ పంపులో ఉండే గిన్నెలాంటి తోలు వాషరే. ఎండిపోతే ముడుచుకుపోతుంది, నూనె తాగిస్తే మళ్లీ విచ్చుకుంటుంది. బ్యారెల్ మడిచి (పూర్తిగా ఎక్కుపెట్టకుండా), సిలిండర్ ముందున్న చిన్న రంధ్రంలో మూడు నాలుగు చుక్కలు వేసి, రంధ్రం పైకి ఉండేలా రాత్రంతా ఆనించి ఉంచండి. తోలుకి నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసేది) శ్రేష్ఠం, సిలికాన్ నూనె అయినా సరే. మర్నాడు తుడిచి పది పెల్లెట్లు కాల్చి చూడండి. మొదటి రెండు మూడింటికి సన్నగా పొగ వస్తే కంగారుపడకండి.

నూనె పేరు చెప్పానుగా, ఇక్కడే నా సొంత బుద్ధితక్కువ ఒకటి చెప్పాలి. కుర్రతనంలో నేను ఇదే రంధ్రంలో కుట్టుమిషను నూనె ధారగా పోశాను. పిస్టల్ టపాకాయలా పేలింది, పెల్లెట్ రేకు డబ్బాని చీల్చుకుపోయింది. బాగుపడిందని మురిసిపోయి రోజూ అలాగే పోశాను. వారం తిరక్కుండా స్ప్రింగ్ రెండు ముక్కలైంది. జరిగింది ఏమిటంటే, పిస్టన్ దూసుకొచ్చినప్పుడు దాని ముందున్న గాలి క్షణంలో నలిగి విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడికి పెట్రోలియం నూనె ఆవిరి అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్ నడిచేది సరిగ్గా ఇలాగే. కాకపోతే ఇంజన్‌ని దానికోసమే కట్టారు, మీ పిస్టల్‌ని కట్టలేదు. మంట ఒత్తిడి పిస్టన్‌ని వెనక్కి తంతుంది, సీల్ మాడుతుంది, స్ప్రింగ్ తెగుతుంది. తుప్పు వదిలించే స్ప్రే డబ్బాలు కూడా ఇదే కోవ. పిస్టన్‌కి ముందున్న చోట వాటిని రానివ్వకండి.

ఇంత చేసినా ‘టంగ్’ పోకపోతే విప్పక తప్పదు. స్ప్రింగ్ లోపల ఊరికే ఉన్నప్పుడు కూడా కొన్ని సెంటీమీటర్లు నొక్కుకునే ఉంటుంది. వెనక మూతని పట్టుకున్న పిన్ను లాగగానే ఆ మూత ముఖం మీదికి వస్తుంది. రైఫిల్ స్ప్రింగంత బలం ఉండదు, కానీ కన్ను పోవడానికి అంత బలం అక్కర్లేదు. వడ్రంగులు వాడే పొడవాటి బార్ క్లాంప్ తీసుకోండి. ఒక కొసన పిస్టల్ ముందు భాగానికి చెక్కదిమ్మ, రెండో కొసన మూత మీద ఇంకో చెక్కముక్క పెట్టి, కాస్త బిగించి, పిన్ను మీద భారం పోయాకే దాన్ని బయటికి తట్టండి. తర్వాత క్లాంప్‌ని మెల్లగా వదులు చేస్తూ రండి. కళ్లద్దాలు పెట్టుకోండి, చూపు అద్దాలు కాదు, పక్కలు కూడా మూసే రక్షణ అద్దాలు. ప్రతి అడుగుకీ ఫోన్‌లో ఒక ఫొటో తీయండి. ట్రిగర్ భాగాలు పళ్లెంలో గుడ్డ పరిచి దాని మీద విప్పండి. డయానా అనే జర్మన్ కంపెనీ పాత ఎయిర్ తుపాకులు కొన్నింటిలో పిస్టన్ కాడని పట్టుకునేవి మూడు ఉక్కు బంతులు. అవి గచ్చు మీద దొర్లితే ఆ సాయంత్రమంతా చీపురుతోనే గడుస్తుంది.

స్క్రూల గురించి ఒక మాట. పాత స్క్రూ గాడి సన్నగా, గోడలు నిట్టనిలువుగా ఉంటుంది. మన ఇళ్లలోని స్క్రూడ్రైవర్ మొన ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పైఅంచునే పట్టి దాన్ని చిదిమేస్తుంది. ఒక చవక స్క్రూడ్రైవర్ మొనని ఆకురాయితో గాడికి సరిపడా అరగదీసుకోండి. స్క్రూ మొండికేస్తే చొచ్చుకుపోయే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. అప్పటికీ కదలకపోతే టంకం పెట్టే ఇనుప మొనతో స్క్రూ తలని వేడి చేసి మళ్లీ తిప్పండి. ఫ్రేము దగ్గర అయస్కాంతం అంటకపోతే అది అల్యూమినియమో జింకు మిశ్రమమో అయి ఉంటుంది. దానిలో మరలు వెన్నలా కోసుకుపోతాయి, బిగించేటప్పుడు రెండు వేళ్ల బలం చాలు.

లోపల కనబడేది సాధారణంగా నల్లటి జిగురు. కిరసనాయిల్‌లో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. సీల్ తోలుదైతే సరే. కానీ 1970ల, 80ల నాటి కొన్ని తుపాకుల్లో వేసిన ప్లాస్టిక్ సీళ్లు వాడినా వాడకపోయినా కాలంతో పొడిపొడిగా రాలిపోతాయి. ఫైన్‌వెర్క్‌బౌ 124 అనే జర్మన్ ఎయిర్ రైఫిల్ ఉన్నవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. అలాంటి ముక్కలు కనబడితే సిలిండర్ మూలమూలా, గాలి రంధ్రంతో సహా తుడవాలి. కొత్త సీల్ దూర్చే ముందు సిలిండర్ కింద పొడుగ్గా ఉండే గాడి అంచుల మీద వేలు జార్చి చూడండి. ఆ అంచులు కత్తుల్లా ఉంటాయి. మళ్లీ బిగించేటప్పుడు కొత్త సీల్ అక్కడే తెగుతుంది, ఆ తెగిన సంగతి పూర్తిగా బిగించాక గానీ తెలియదు. సన్నటి ఎమెరీ కాగితంతో అంచులు మొద్దు చేయండి, పొడి తుడిచేయండి, సీల్‌ని గాడి దాటించేటప్పుడు చదునైన ప్లాస్టిక్ పుల్లతో లోపలికి నొక్కుతూ పంపండి. గ్రీజు విషయంలో పొదుపు మంచిది: మాలిబ్డినం ఉన్న గ్రీజు పిస్టన్ వెనక సగానికి, స్ప్రింగ్‌కి, ఎక్కుపెట్టే మీట రాసుకునే చోట పల్చగా. పిస్టన్ ముందు ఏమీ వద్దు.

స్ప్రింగ్‌ని అద్దం పలక మీద దొర్లించండి. తిన్నగా దొర్లితే, చుట్ల మధ్య ఎడం సమంగా ఉంటే దాన్నే వాడుకోండి. వంకరపోయినా విరిగినా మార్చండి, కానీ తీగ మందం, బయటి వ్యాసం, చుట్ల సంఖ్య పాతవాటికే సరిపోవాలి. మార్చే ముందు ఒక లెక్క వేయండి: తీగ 2.5 మి.మీ. మందం, చుట్లు 30 అయితే స్ప్రింగ్ పూర్తిగా నలిగినప్పుడు 75 మి.మీ. పొడవు ఉంటుంది. పిస్టన్ వెనక్కి వెళ్లి, దాన్ని పట్టి ఆపే ట్రిగర్ కొక్కెం పడినప్పుడు మిగిలే చోటు అంతకంటే ఎక్కువ ఉండాలి. లేకపోతే చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోయి ఎక్కుపెట్టడమే కుదరదు. బలవంతం చేస్తే మీటైనా వంగుతుంది, ఇరుసైనా విరుగుతుంది.

‘కాస్త గట్టిది వేస్తే ఏం పోతుంది?’ అని అడగబోతున్నారని తెలుసు. ఇలాంటి పిస్టల్ బాగున్నప్పుడు 0.5 గ్రాముల పెల్లెట్‌ని సెకనుకి 110 మీటర్లతో పంపిందనుకోండి, శక్తి సుమారు 3 జౌళ్లు. దాన్ని నిర్ణయించేది స్ప్రింగ్ ఒక్కటే కాదు. పిస్టన్ ముందు ఎంత గాలి ఉంది, అది ఎంత దూరం కదులుతుంది అన్నవి కూడా. పిస్టల్‌లో ఆ రెండూ తక్కువే, అవి మారవు. గట్టి స్ప్రింగ్ వేస్తే పిస్టన్ ఇంకా వేగంగా వెళ్లి గాలికి తగిలి వెనక్కి ఎగిరిపడుతుంది. పెల్లెట్ వేగం పెరిగేది పిసరంత, చేతిలో కుదుపు పెరిగేది బోలెడు. పెల్లెట్ బ్యారెల్ దాటకముందే పిస్టల్ ముక్కు లేస్తుంది, గురి చెదురుతుంది. ఇక ట్రిగర్ సంగతి. నొక్కిన స్ప్రింగ్ బరువంతా ట్రిగర్ కొక్కెం మీదే వేలాడుతుంది. బరువు పెరిగితే ఆ రెండు ఉక్కు అంచుల మధ్య రాపిడి పెరుగుతుంది, ట్రిగర్ ఇంకా బిగుస్తుంది. అప్పుడు దాన్ని తేలిక చేయడానికి కొక్కేన్ని అరగదీస్తారు. ఎక్కువ బరువుని తక్కువ పట్టుతో ఆపమంటారన్నమాట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే. పైగా చాలా దేశాల చట్టాలు ఎయిర్ పిస్టల్‌ని శక్తిని బట్టే వర్గీకరిస్తాయి. జర్మనీలో పంచకోణంలో ‘ఎఫ్’ అక్షరం కొట్టిన తుపాకీ 7.5 జౌళ్ల లోపుది. బ్రిటన్‌లో పిస్టల్‌కి హద్దు 6 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 8.1 జౌళ్లు. మీరున్న చోట లెక్క ఏమిటో పని మొదలుపెట్టకముందే కనుక్కోండి.

ట్రిగర్‌ని తేలిక చేయాలనుకోవద్దు, నున్నగా చేయాలనుకోండి. చేతికి రెండూ దాదాపు ఒకేలా అనిపిస్తాయి. కొక్కెం అంచుల గట్టిదనం చాలా తుపాకుల్లో పైపొర వరకే. ఆకురాయి పెడితే ఆ పొర పోయి కింద మెత్తటి ఉక్కు బయటపడుతుంది, కొన్ని వందల షాట్లకి అరిగిపోతుంది. కోణం మారితే ఇంకా ప్రమాదం. ఎక్కుపెడుతుండగా, బ్యారెల్ ఇంకా మడిచి ఉండగానే కొక్కెం జారితే బ్యారెల్ వడిసెలలా వెనక్కి కొట్టి మూసుకుంటుంది. మధ్యలో వేలు ఉంటే ఎముక దక్కదు. అందుకే పెల్లెట్ పెట్టేటప్పుడు ఇంకో చేత్తో బ్యారెల్‌ని పట్టుకునే ఉండాలి, బాగు చేసినదైనా చేయనిదైనా. మీరు చేయగలిగినవి ఇవీ: పాత జిగురు కడగడం, పిన్నులకి పాలిష్ పెట్టడం, ట్రిగర్ పక్కలకి ఊగుతుంటే అటూ ఇటూ పల్చటి వాషర్లు వేయడం, రాపిడి చోట మాలిబ్డినం గ్రీజు గుండుసూది తలంత పెట్టడం. సర్దుబాటు స్క్రూ ఉంటే పావు చుట్టు చొప్పున తిప్పి చూడండి. కొక్కెం వదిలాక ట్రిగర్ ఇంకా వెనక్కి పోకుండా ఆపే చిన్న అడ్డు, ట్రిగర్ గార్డు లోపల ఒక రబ్బరు ముక్క అతికించినా సరే, గురికి చేసే మేలు నన్ను ప్రతిసారీ ఆశ్చర్యపరుస్తుంది. అయితే ఆ అడ్డు కొక్కెం విడుదలకి అడ్డం పడకూడదు.

ట్రిగర్ నొక్కడానికి ఎంత బరువు పడుతుందో కొలవాలంటే సామాను తూచే కొక్కెం త్రాసు చాలు. పెల్లెట్ పెట్టి, పెల్లెట్లని ఆపే పెట్టెకేసి గురి పెట్టి, త్రాసు కొక్కేన్ని ట్రిగర్ మధ్యకి తగిలించి తిన్నగా వెనక్కి లాగండి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీల్లో ట్రిగర్ బరువు 500 గ్రాములకి తగ్గకూడదన్నది నియమం. దాన్ని చూసి మీరూ 500కి దించాలనుకోకండి. ఆ పిస్టళ్ల ట్రిగర్‌ని మొదటి నుంచీ దానికోసమే కట్టారు. ఇలాంటి పాత స్ప్రింగ్ పిస్టల్‌లో ఒకటిన్నర కిలోలు నాకు హాయిగానే ఉంటుంది. అంతా అయ్యాక, ఎక్కుపెట్టి పెల్లెట్‌తో సురక్షితమైన దిక్కుకి పట్టుకుని, పిడి మీద, వెనక భాగం మీద స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో నాలుగు దెబ్బలు తట్టండి. దానంతటదే పేలితే ఆ పిస్టల్ ఇంకా పూర్తి కాలేదు.

తుప్పు దగ్గర ఉత్సాహం తగ్గించుకోమని నా మనవి. ఎమెరీ కాగితంతో మొత్తం గీకేస్తే కంపెనీ ముద్రలు, నంబర్లు పోతాయి, అంచులు గుండ్రమవుతాయి. నూనె తడిపిన 0000 నంబరు స్టీల్ ఊల్‌తో (సన్నటి ఉక్కు పీచు) గుండ్రంగా రుద్దండి. తుప్పు వదులుతుంది, కింద మిగిలిన నల్లరంగు నిలుస్తుంది. మొండి మచ్చలున్న ఉక్కు భాగాన్ని విడిగా తీయగలిగితే శుభ్రమైన నీళ్లలో అరగంట మరిగించండి. ఎర్రటి తుప్పు నల్లటి మాగ్నటైట్‌గా మారుతుంది. పైపొడి తుడిచి నూనె రాస్తే మచ్చ ఉన్నట్టే కనబడదు. ఉక్కుని వేడి చేయకుండానే నల్లబరిచే, సీసాలో దొరికే కోల్డ్ బ్లూ ద్రావణం చిన్న గీతలకి పనికొస్తుంది, బ్యారెల్ మొత్తానికి పూస్తే మచ్చలమచ్చలుగా వస్తుంది. వాటిలో చాలావరకు సెలీనియం ఉంటుంది కాబట్టి చేతి తొడుగులు, కిటికీ తెరవడం తప్పనిసరి. జింకు, అల్యూమినియం ఫ్రేముకి అది పట్టదు, అక్కడ రంగే గతి.

బ్యారెల్ లోపలికి ఇత్తడి, కంచు బ్రష్‌లు వద్దు. ఈ బ్యారెల్ ఉక్కు మెత్తన, సీసపు పెల్లెట్లు దాన్ని పెద్దగా మలినం కూడా చేయవు. నైలాన్ దారానికి గుడ్డముక్క కట్టి వెనక నుంచి మూతి వైపు లాగండి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా. ఆఖర్న బ్యారెల్ మూతి అంచు చుట్టూ దూది తిప్పండి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ అంచు లేచి ఉంది. గుండ్రటి తల ఉన్న ఇత్తడి స్క్రూకి వాల్వులు నూరే ముద్ద రాసి, చేత్తో పట్టే డ్రిల్లుకి బిగించి, మూతి మీద పెట్టి చేతిని అటూ ఇటూ ఊపుతూ నెమ్మదిగా తిప్పితే ఆ అంచు సమమవుతుంది. ముందు లోపల దూది కుక్కండి, ముద్ద లోపలికి పోకూడదు. ఎన్నో ‘గురి తప్పే’ బ్యారెళ్లు ఈ ఐదు నిమిషాల పనితో దారికొచ్చాయి.

మార్పులు చేయాలన్న సరదా ఉంటే అది గ్రిప్ మీద తీర్చుకోండి. పగులులో ఎపాక్సీ నింపి రబ్బరు బ్యాండ్లతో ఒక రోజు బిగించి ఉంచండి. తర్వాత అరచేయి ఆనే చోట చెక్కపుట్టీ పెట్టి, అది పచ్చిగా ఉన్నప్పుడే పల్చటి ప్లాస్టిక్ కప్పి చేత్తో పట్టుకుంటే మీ చేయి అచ్చు పడుతుంది. ఆరాక గీకి సరిచేసుకోండి. అసలు గ్రిప్ పాడవకూడదనుకుంటే ఇంకో జత చెక్కలు కోసుకోండి, పాతవి దాచండి. ముందు గురిపుల్ల మెరుస్తుంటే దీపం మసి పట్టించండి, పాతకాలపు షూటర్ల చిట్కా ఇది, ఖరీదైన నల్లరంగులన్నీ దాని తర్వాతే. రెడ్ డాట్ (ఎర్రచుక్క చూపే గురి అద్దం), లేజర్ లాంటివి వద్దు. స్ప్రింగ్ పిస్టల్ ముందుకీ వెనక్కీ రెండు వైపులా కుదుపుతుంది, చవక రకాలు ఆ కుదుపుకి నిలవవు.

బిగించాక మొదటి యాభై షాట్లకి అది ఇంకా సర్దుకుంటూనే ఉంటుంది, తీర్పు అప్పుడే చెప్పకండి. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ అరువు దొరికితే ఎంత వేగమన్నది కాకుండా, పది షాట్లలో ఎంత తేడా వస్తోందన్నది చూడండి. తేడా తక్కువైతే సీళ్లు కుదిరినట్టే. పెల్లెట్ లేకుండా కాల్చకండి, గాలి దిండు నిలవక పిస్టన్ నేరుగా సిలిండర్‌ని కొడుతుంది. ఉక్కు గుళ్లు ఈ బ్యారెల్‌లో వేయకండి, లోపల మెలితిరిగి ఉండే గాడులు పోతాయి, గట్టి గోడకి తగిలితే కంటికే తిరిగొస్తాయి. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి.

ముందు టిష్యూ కాగితం పరీక్ష చేసి ఫలితం చెప్పండి. విప్పాల్సి వస్తే సిలిండర్ వెనక భాగం ఫొటో ఒకటి, పక్క నుంచి ఒకటి పంపండి. మూతని పట్టుకున్నది అడ్డపిన్నో, స్క్రూ మరలో చూసి క్లాంప్ ఎలా పెట్టాలో చెబుతాను. అప్పటిదాకా ఆ పిన్ను మీద సుత్తి పెట్టకండి.